ఆకుపచ్చ టిక్కు

మాస్టారు పోయారని వాళ్లబ్బాయి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. ఎనభై దాటిన మనిషి, కొంతకాలంగా మంచం మీదే ఉన్నారు. అయినా ఆ రోజంతా నాకు ఏ పనీ సాగలేదు.

ఆయన పేరు ఏ పేపర్లోనూ రాదు. విజయవాడ గవర్నర్‌పేటలో మా సార్ నడిపిన ఆడిట్ ఆఫీసులో జీవితమంతా అసిస్టెంటుగా పనిచేశారు. సీఏ కాదు, డిగ్రీ కూడా లేదు. ఆయన చేతికింద టోటల్స్ వేయడం నేర్చుకున్నవాళ్లు మాత్రం ఇవాళ హైదరాబాదులో, బెంగళూరులో, దుబాయిలో పెద్ద పెద్ద కంపెనీల లెక్కల మీద సంతకాలు పెడుతున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను. బ్యాలెన్స్ షీటు కింద సార్ సంతకం ఉండేది, దానికి ముందు జరిగిన చాకిరీలో సగం మాస్టారిది. ఆయన్ని అందరం మాస్టారనే పిలిచేవాళ్లం. సార్ కూడా అలాగే పిలిచేవారు.

* * *

బీకాం పాసైన వేసవిలో ఆర్టికల్స్‌లో చేరాను. అవి తొంభైల నడిమి రోజులు. పుస్తకాలు చదివి పరీక్షలు రాసేస్తే సీఏ అయిపోరు. ప్రాక్టీసులో ఉన్న ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర ఏళ్ల తరబడి పనిచెయ్యాలి, ఆర్టికల్స్ అంటే అదే. మా రోజుల్లో మూడేళ్లు. 2023 జులై నుంచి దాన్ని రెండేళ్లకు తగ్గించారు. పిల్లలకి త్వరగా చదువు పూర్తవుతుందని అందరూ సంతోషించారు గానీ, నాకు ఆ మూడో ఏడు పోయినందుకు బాధగానే ఉంది. మాకు మొదటి ఏడు టోటల్స్‌తోనూ రెండో ఏడు వోచర్లతోనూ గడిచిపోయేవి. ఎదుటి మనిషి మాటని బట్టి ఏ పుస్తకం ముందు తెరవాలో తెలిసింది మూడో ఏటే.

మా నాన్నకి ఒకటే టెన్షన్. ఆడిట్ అంటే ఊళ్లు తిరగాలి, రైసు మిల్లులకి వెళ్లాలి, అక్టోబర్లో రాత్రి పది దాకా ఆఫీసులో ఉండాలి. అప్పటికి ఆ ఆఫీసులో ఆర్టికల్స్ చేసే ఆడపిల్లని నేనొక్కదాన్నే. నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లి సార్ ఎదురుగా కూర్చుని ఇవన్నీ అడిగారు. సార్ తలెత్తకుండా, "మాస్టారితో పంపిస్తానండీ" అన్నారు. పక్క గదిలోంచి ఒక సన్నటాయన బయటికొచ్చి, కళ్లజోడు పైకి నెట్టుకుని నన్ను చూసి, "అమ్మాయ్, నీ దస్తూరీ ఎలా ఉంటుంది?" అని అడిగారు. మాస్టారు నన్ను చేసిన ఇంటర్వ్యూ అంతే. ఒక తెల్లకాయితం మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు రాయించుకుని చూశారు. నా ఏడు ఒకటిలా ఉందని చెప్పి, ఏడు మధ్యలో అడ్డగీత పెట్టమన్నారు. ఇప్పటికీ అలాగే రాస్తాను.

* * *

ఆఫీసు మేడ మీద. మెట్లెక్కుతుంటేనే జిగురు, పాత కాయితం, కలరా ఉండలు కలిసిన వాసన వచ్చేది. గోడల నిండా చెక్క అరలు. వాటిలో ఎర్రగుడ్డ అట్టల లెడ్జర్లు, ట్వైన్ దారంతో కట్టిన వోచర్ల కట్టలు. ఫ్యాన్ వేస్తే కాయితాలు ఎగురుతాయని ఏప్రిల్ ఎండల్లో కూడా ఒకటో నంబరు దాటనిచ్చేవారు కాదు. బెజవాడ ఏప్రిల్ అంటే తెలిసినవాళ్లకి ఇంక చెప్పనక్కర్లేదు. మోచేతి కింద చేతిరుమాలు వేసుకుని రాసేవాళ్లం, చెమటకి సిరా అలుక్కుపోకుండా.

ఆ ఆఫీసు చప్పుళ్లు నాకింకా వినిపిస్తాయి. ముందుగదిలో పొడుగు క్యారేజీ టైపురైటరు. బ్యాలెన్స్ షీటు అడ్డంగా పట్టాలి కాబట్టి మామూలు మిషన్ చాలదు. టైపిస్టుగారు మధ్యలో కార్బన్లు పెట్టి నాలుగైదు కాపీలు ఒకేసారి కొట్టేవారు. అంకెల వరస తిన్నగా రావడానికి ఆవిడ ట్యాబ్ మీట నొక్కినప్పుడల్లా క్యారేజీ జర్రున పరుగెత్తి టక్కున ఆగేది. అంతా అయ్యాక సార్ ఒక అంకె మార్చారంటే, ఆవిడ ఒక్క మాట అనకుండా వైట్నర్ సీసా తీసి ఒక్కో కాపీకి విడివిడిగా పూసి, ఆరేదాకా ఊదుకుంటూ కూర్చునేవారు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ అప్పటికే ఉంది. మా క్లయింట్లలో ఒకరిద్దరు కంప్యూటరు కొన్నారు, ఏసీ గదిలో పెట్టి, చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లేవారు. మిగిలినవాళ్లందరివీ చేతిరాత పుస్తకాలే.

మొదట్లో నా పనంతా టోటల్స్ వేయడం. డే బుక్కులో పేజీ పేజీకి కింద మొత్తం, అది తర్వాతి పేజీ పైకి సరిగ్గా ఎక్కిందా లేదా. నేను సిటిజెన్ క్యాలిక్యులేటర్ మీద కొడుతుంటే, మాస్టారు చూపుడువేలు వరస మీద పైనుంచి కిందికి జార్చుకుంటూ వచ్చి నాకంటే ముందే మొత్తం చెప్పేసేవారు. పైసలతో సహా. డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే ముందు తేడాని తొమ్మిదితో భాగించమనేవారు. శేషం లేకుండా పోతే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని, 54ని 45 అని రాశారని అనుమానించాలి. పోకపోతే తేడాలో సగం మొత్తం కోసం వెతకాలి, ఒక పద్దు అటుది ఇటు పడిందేమోనని. పరీక్షకి చదివిన ఏ పాఠంలోనూ ఇంత ఆనందం నాకు దొరకలేదు. సాయంత్రం ఆరింటికి, అందరూ ఇళ్లకి బయల్దేరుతుండగా తేడా దొరికిందంటే, ఆ పేజీ చుట్టూ నలుగురం గుమిగూడేవాళ్లం.

టిక్కుల్లో కూడా ఒక భాష ఉండేది. వోచరు చూస్తే ఒక రకం, లెడ్జర్లోకి ఎక్కిందని చూస్తే ఇంకో రకం, టోటల్ సరిపోతే కింద ఒక చిన్న గీత. క్లయింటు గుమాస్తాలు నీలం, నలుపు సిరా వాడతారు కాబట్టి మాది ఆకుపచ్చ. మాస్టారి టిక్కు చిన్నది, తోక పైకి తిరిగి ఉండేది. పదేళ్ల కిందటి పుస్తకం తెరిచినా ఆయన చూసిన పేజీ ఏదో తెలిసిపోయేది. వోచరు తిప్పకుండా ఎవరైనా టిక్కు పెట్టారని తెలిస్తే ఆయన తిట్టేవారు కాదు. ఆ కట్ట మొత్తం తెచ్చి, పక్కన కుర్చీ వేసుకుని, మొదటినుంచీ తనే చూడ్డం మొదలుపెట్టేవారు. ఆ పెట్టినవాడు ఆ పూట అన్నం తినలేకపోయేవాడు.

* * *

వన్ టౌన్‌లో పాత వర్తకులు కొందరు ఇంకా రోజు పద్దులకి చిట్టా, ఖాతాలకి ఆవర్జా అనే పద్ధతిలోనే రాసేవారు. పొడుగాటి పుస్తకాలు, మధ్యలో మడత. మొదటి పేజీలో పైన శ్రీరామ, మూలల్లో పసుపు కుంకుమ మరకలు. బీకాంలో మేం నేర్చుకున్న ఖాతాలో ఎడమ డెబిట్, కుడి క్రెడిట్. ఈ పుస్తకాల్లో జమ ఎడమవైపు, ఖర్చు కుడివైపు. ఎవరు డబ్బిస్తే వాళ్ల పేరున జమ, ఎవరు తీసుకెళితే వాళ్ల పేరున ఖర్చు. మొదటి వారం తల తిరిగిపోయింది. "పుస్తకం తిరగేసి ఆలోచించకు అమ్మా, కొట్టు యజమాని కూర్చునే చోట కూర్చుని చూడు. ఎదురుగా ఎవరొచ్చారు, ఏం ఇచ్చారు, ఏం పట్టుకెళ్లారు" అన్నారు మాస్టారు. అలా చూస్తే ఆ చిట్టా మొత్తం ఒక రోజు కొట్టులో జరిగిన కథలా కనిపించేది. పొద్దున గుడికి కొబ్బరికాయ, తర్వాత హమాలీ కూలీ, మధ్యాహ్నం మచిలీపట్నం నుంచి వచ్చిన పార్టీకి భోజనం, సాయంత్రం దీపారాధన నూనె.

1989-90 ఆదాయపన్ను అసెస్‌మెంట్ నుంచి అందరికీ ఏప్రిల్-మార్చి లెక్క తప్పనిసరి చేశారు. అంతకుముందు ఎవరి ఏడాది వాళ్లదే, ఉగాదికి ముగించేవాళ్లు కొందరు, దీపావళికి ముగించేవాళ్లు కొందరు. ఆ రోజుల్లో ఆడిట్ పని ఏడాది పొడవునా సమంగా ఉండేదని, ఇప్పుడు అన్నీ ఒక్కసారే మీద పడుతున్నాయని మాస్టారు తరచూ అనేవారు. అయినా ఆ వర్తకులు ఉగాదికి కొత్త పుస్తకానికి పూజ చేయడం మాత్రం మానలేదు. ఏప్రిల్ ఒకటిన తెరిచిన పుస్తకమే మళ్లీ పీట మీద పెట్టి పసుపు రాసేవారు.

* * *

గుడివాడ వైపు ఒక రైసు మిల్లు ఆడిట్ గురించి చెప్పాలి.

పొద్దున్నే బస్సెక్కి వెళ్లాం. కాలవ గట్టు పక్కన దిగి, మట్టిరోడ్డు మీద నడుస్తుంటే మిల్లు కనిపించకముందే తవుడు వాసన తగిలింది. లోపల బెల్టుల మోత. మాట వినిపించదు, మాస్టారు చేత్తో సైగలు చేస్తే అర్థం చేసుకోవాలి. కనురెప్పల మీద కూడా దుమ్ము పేరుకునేది. ఆఫీసు గదిలో గుమాస్తాగారు పుస్తకాలన్నీ టేబుల్ మీద ముందే సర్ది ఉంచారు. ఇరవై ఏళ్ల పిల్లని పట్టుకుని "ఆడిటర్ గారూ, కాఫీయా, మజ్జిగా?" అని లేచి నిలబడి అడుగుతుంటే నాకు ఎటు చూడాలో తెలిసేది కాదు.

మిల్లు లెక్కలో ముందు చూడాల్సింది ధాన్యం ఎంత ఆడారు, బియ్యం ఎంత వచ్చింది. నూటికి అరవై ఏడు అటూ ఇటూగా బియ్యం, మిగిలింది నూక, తవుడు, ఊక. ఆ పాళ్లు తప్పితే ఎక్కడో సరుకు పుస్తకంలోకి రాలేదని అర్థం. ఆడిన బియ్యంలో ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీఐకి లెవీ కింద కొంత వాటా అమ్మాలి, దానికి విడిగా రిజిస్టరు. రైతుల దగ్గర కొన్న ధాన్యానికి నగదే ఇచ్చేవారు. పెద్ద మొత్తాలు చెక్కు ద్వారా ఇవ్వకపోతే ఖర్చు ఒప్పుకోబోమనే ఆదాయపన్ను 40ఏ(3) సెక్షన్ ఉన్నా, రైతుకి నేరుగా ఇచ్చిన పంట సొమ్ముకి మినహాయింపు ఉండేది. అదే మధ్యవర్తికి ఇస్తే ఉండేది కాదు. అందుకని కొనుగోలు చీటీల మీద వేలిముద్ర వేసింది రైతా, కమీషన్ మనిషా అన్నది చూడటమే ఒక పెద్ద పని. మాస్టారు చీటీ తీసుకుని, "ఈయన పొలం ఎక్కడండీ?" అని మాటల్లో పెట్టేవారు. గుమాస్తా టకటకా చెప్పేస్తే టిక్కు. నీళ్లు నమిలితే పక్కన పెట్టేవారు.

ఆ రోజు నేను పుస్తకాలన్నీ కలిపేశాను. ధాన్యం నిల్వ బస్తాలు స్టాకు రిజిస్టరులో ఎన్ని ఉన్నాయో బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంట్‌లోనూ అన్నే ఉన్నాయి. సంతోషంగా చెప్పాను. మాస్టారు, "కాయితం చూశావు. సరుకు చూశావా?" అన్నారు.

గోడౌన్‌కి వెళ్లాం. డెబ్భై ఐదు కిలోల గోనె బస్తాలు, పైకప్పు రేకులు అందుకునేలా దొంతరలు. పొడుగు ఎన్ని, అడ్డం ఎన్ని, ఎత్తు ఎన్ని వరసలని లెక్కపెట్టి గుణించాను. సరిపోయింది. మాస్టారు చెప్పులు విప్పి పంచె ఎగ్గట్టి, హమాలీ భుజం ఆసరాతో దొంతర పైకెక్కారు. అప్పటికే ఆయనకి యాభై దాటాయి. పైన మెల్లగా నడుస్తూ, అడుగడుగునా కాలితో నొక్కి చూస్తూ ఆ చివరికంటా వెళ్లారు. ఒకచోట ఆగి వంగి రెండు బస్తాలు జరిపించారు. కింద బోలుగా ఉంది. చుట్టూ గోడలా బస్తాలు పేర్చి, మధ్యలో బల్లచెక్కలు పరిచి, వాటిమీద పై వరస ఉంచారు.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మాస్టారు దిగొచ్చి చేతులు కడుక్కుని, ఉన్న బస్తాలు మళ్లీ లెక్కపెట్టించి, వర్కింగ్ పేపర్ మీద రాసి, యజమాని చేత కింద సంతకం పెట్టించారు. గొంతు పెంచలేదు. ఆ యజమాని బతిమాలుకున్నాడు, పిల్ల పెళ్లికి డబ్బు తీశానని, సంక్రాంతి కొత్త ధాన్యంతో నింపేస్తానని. మాస్టారు అంతా విని, "ఆ మాటే సార్‌తో చెప్పండి. నేను ఉన్నది రాస్తాను, అంతే" అన్నారు. భోజనానికి ఉండమంటే మర్యాదగా వద్దన్నారు. మామూలు రోజుల్లో కూడా క్లయింటు ఇంట్లో టీ, మజ్జిగ తప్ప ముట్టుకునేవారు కాదు. భోజనం మూడు గిన్నెల క్యారియర్‌లో ఇంటినుంచే. ఆ రోజు బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఆయన క్యారియర్‌లో గోంగూర పచ్చడన్నం ఇద్దరం తిన్నాం.

* * *

ఏప్రిల్ వచ్చిందంటే బ్యాంకు బ్రాంచీల ఆడిట్. పది పన్నెండు రోజుల్లో పూర్తి చేసి రిపోర్టు ఇచ్చెయ్యాలి. రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్ ఎం. నరసింహం కమిటీ 1991లో చేసిన సిఫార్సులు అప్పుడప్పుడే వంటబడుతున్న రోజులవి. అసలో వడ్డీయో ఇన్ని క్వార్టర్లు (మూడేసి నెలలు) కట్టకపోతే ఆ అప్పు మొండి బాకీ కింద లెక్క, అంటే ఎన్‌పీఏ, దానిమీద వడ్డీ చేతికి రానిదే ఆదాయంగా రాసుకోకూడదన్నారు. 1993 మార్చికి నాలుగు క్వార్టర్లన్నారు, మరుసటేడు మూడు, 1995కి రెండు. ఏటేటా గీత ముందుకు జరుగుతుంటే మేనేజర్లకి నిద్ర పట్టేది కాదు. పంట అప్పు మార్చి 30న తీరిపోయినట్టు, ఏప్రిల్ మొదట్లో మళ్లీ అంతే మొత్తం అదే రైతుకి ఇచ్చినట్టు లెడ్జర్లో కనిపించేది. రైతు ఎవరి దగ్గరో రెండ్రోజులకి చేబదులు తెచ్చి కట్టి, కొత్త అప్పుతో అది తీర్చేవాడు. రూలు ప్రకారం ఖాతా బాగుంది. అది చూసినప్పుడల్లా ఆ రెండ్రోజుల వడ్డీ ఎంత కట్టాడోనని ఆలోచించేదాన్ని.

ఒక ఏడాది మాకు దివిసీమలో ఒక బ్రాంచీ వచ్చింది. చల్లపల్లి మీదుగా బస్సు. పాత సెక్యూరిటీ డాక్యుమెంట్లు వెతకడానికి రికార్డు గదిలోకి వెళితే, చెదలు తినగా మిగిలిన పాత లెడ్జర్లు నేలమీద పేర్చి ఉన్నాయి. మాస్టారు ఒకటి తీసి తిప్పారు. 1977ది. ఎరువులకి, ఎడ్లకి ఇచ్చిన చిన్న చిన్న అప్పులు. అక్టోబరు దాకా పద్దులున్నాయి. ఆ నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ఆ తర్వాత పేజీ తర్వాత పేజీ ఖాళీ. కొన్నింటికి చాలా కాలం తర్వాత వేరే చేతిరాతతో రద్దు చేసినట్టు ఒక పద్దు. కొన్ని పేజీల్లో ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, వరసగా.

అటెండరు ఆ ఊళ్ల మనిషే. వెనక నిలబడి, "ఈళ్లెవురూ లేరండీ" అన్నాడు. మాస్టారు కుర్చీ తెప్పించి అతన్ని కూర్చోమన్నారు. అటెండర్లు మా ముందు కూర్చునేవారు కాదు, ఆయన బలవంతపెట్టి కూర్చోబెట్టారు. అతను ఒక్కో పేరు చూసి ఆ ఇల్లు ఎక్కడుండేదో, ఎంతమందో చెప్పుకుంటూ వచ్చాడు. ఆ లెడ్జరుకి మా ఆడిట్‌తో ఏ సంబంధమూ లేదు. ఆ సాయంత్రం చెయ్యాల్సిన పని ఆగిపోయింది, మర్నాడు రాత్రి దాకా కూర్చుని చేశాం.

* * *

అసలు పరుగు అక్టోబర్లో. అమ్మకాలు నలభై లక్షలు దాటిన వ్యాపారికి ట్యాక్స్ ఆడిట్ తప్పదని 1984లో 44ఏబీ సెక్షన్ తెచ్చాక, మాలాంటి ఊళ్లలో ఆడిట్ ఆఫీసుల రూపమే మారిపోయిందని సార్ చెప్పేవారు. అప్పట్లో అక్టోబరు 31 గడువు. సరిగ్గా అప్పుడే దసరా. ఇంద్రకీలాద్రి దారులన్నీ ఎర్రబట్టల భవానీలతో నిండిపోయి ఉంటే, మేం ఆ ఆడిట్ వివరాల త్రీసీడీ ఫారాలు నింపుతూ కూర్చునేవాళ్లం. ఫ్లాస్కుల్లో టీ. అర్ధరాత్రి దాకా టైపు. పుస్తకాల్లో చేబదుళ్లన్నీ పందొమ్మిది వేలు, పందొమ్మిది వేల ఐదొందలు. ఇరవై వేలు నగదుగా తీసుకుంటే తప్పు కాబట్టి, అందరూ దానికింద ఆగేవారు. ఒకే మనిషి పేరున అలాంటివి రెండు కనిపిస్తే పట్టుకోవడం నా పని.

ఆ నెలలో నాకు ఇంటికెళ్లడానికి ఆలస్యమయ్యేది. మాస్టారు రిక్షా మాట్లాడి నన్ను ఎక్కించి, తన సైకిల్ మీద వెనకే వచ్చేవారు. ఏలూరు రోడ్డు దాటి మా సందు దాకా. నేను గేటు తీసి లోపలికి వెళ్లాక ఒకసారి బెల్లు కొట్టి తిరిగి వెళ్లిపోయేవారు. ఆయన ఇల్లు పూర్తిగా రెండోవైపు. నాన్న ఒకరోజు బయటికొచ్చి కాఫీ తాగమంటే, "పొద్దు పోయిందండీ, మీరు పడుకోండి" అని ఆగకుండా వెళ్లారు. ఆ తర్వాత నాన్న ఆడిట్ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

* * *

ఇంత పనిలో చదువెప్పుడు అని అడుగుతారు. తెల్లవారుజామున. ఆరు గంటలకి క్లాసులు, అక్కణ్ణుంచి ఇంటికొచ్చి టిఫిన్, తొమ్మిదిన్నరకి ఆఫీసు. స్టైపెండ్ బస్సుపాసుకి, పుస్తకాలకి సరిపోతే గొప్ప. అప్పట్లో పరీక్షలు మే, నవంబరుల్లో. ఒక్కో పేపర్లో నలభై రావాలి, గ్రూపు మొత్తం మీద యాభై శాతం రావాలి. నాతోపాటు పనిచేసిన ఒకబ్బాయికి అన్ని పేపర్లూ దాటి, మొత్తం మీద రెండు మార్కులు తగ్గాయి. పనిలో మా అందరికంటే చురుకైనవాడు. ఆ రోజు మాస్టారు వాణ్ని బాబాయ్ హోటల్‌కి తీసుకెళ్లి ఇడ్లీ తినిపించారు. తన గురించి ఆయన చెప్పుకున్నది అప్పుడొక్కసారే. ఆయనకీ సీఏ చదవాలని ఉండేదట. ఆ రోజుల్లో ఆర్టికల్స్‌లో చేరితే స్టైపెండ్ మాట అటుంచి, చేర్చుకున్న సీఏకి మనమే ఎదురు ప్రీమియం కట్టాలి. తండ్రి పోయారు, తర్వాత చెల్లెళ్లు. మా ఆఫీసులోనే జీతానికి చేరారు. "నీకు రెండు మార్కులేరా తక్కువ" అన్నారట వాడితో. వాడు తర్వాతి అటెంప్ట్‌లో పాసయ్యాడు.

మా రిజల్ట్ వచ్చిన రోజు, మద్రాసులో ఉన్న సీనియర్‌కి నంబర్లు ముందే ఇచ్చి, ఎస్‌టీడీ బూత్ ముందు నిలబడ్డాం. బూత్‌లో ఎర్రంకెలు తిరుగుతున్నాయి, అవతల అతను జాబితాలో వెతుకుతున్నాడు. ఫైనల్ పాసయ్యానని తెలిశాక నేను ముందు ఇంటికి వెళ్లలేదు, ఆఫీసుకి వెళ్లాను. మాస్టారు ఏదో లెడ్జరు మీద వేలు పెట్టి టోటల్ వేస్తున్నారు. వేలు తియ్యకుండా, పేజీ చివరిదాకా వచ్చి, మొత్తం రాసి, కళ్లజోడు తీసి, "ఇక నుంచి నేను నిన్ను మేడమ్ అనాలి" అన్నారు. అనవద్దని చెప్పాను. ఆఖరిదాకా అమ్మాయ్ అనే పిలిచారు.

2009 జనవరి 7న సత్యం కంపెనీ ఛైర్మన్ రాసిన లేఖ బయటికొచ్చినప్పుడు నేను హైదరాబాదులో ఉన్నాను. లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు లెక్కల్లో చూపించామని ఆయనే ఒప్పుకున్నారు. మా వృత్తి మొత్తం తలదించుకున్న రోజు. ఆ రాత్రి మాస్టారికి ఫోన్ చేశాను. టీవీలో అంతా విన్నారట. ఆయన అడిగింది ఒక్కటే, "బ్యాంకుకి ఎవరూ స్వయంగా వెళ్లలేదా అమ్మా?" మా ఆఫీసులో అయితే, క్లయింటుకి ఐదు వేల డిపాజిట్ ఉన్నా, మా మనిషే బ్యాంకుకి వెళ్లి, మేనేజరు చేత రాయించుకుని, కవరు తన చేత్తో తెచ్చేవాడు. క్లయింటు తెచ్చిచ్చిన కాయితాన్ని మాస్టారు ముట్టుకునేవారు కాదు. ఆ నియమం ఆడిట్ ప్రమాణాల్లో కూడా ఉంది. ఆయన ఆ ప్రమాణాలు చదవలేదు, ఇంగ్లిష్‌లో అంత రాదు కూడా.

* * *

మా అక్క కూతురు నిరుడు ఆర్టికల్స్‌లో చేరింది. వాళ్ల ఆఫీసులో వోచర్లన్నీ స్కాన్ చేసి వస్తాయి, టిక్కులు కంప్యూటర్లోనే. తెలివైన పిల్ల. వేల ఎంట్రీల్లోంచి తేడాగా ఉన్నవి నిమిషంలో ఏరి చూపిస్తుంది. మేం నెలరోజులు చేసిన పని. అది చూస్తే నాకు అసూయ లేదు, ముచ్చటే.

మాస్టారి పెద్దకర్మకి విజయవాడ వెళ్లొచ్చిన వారానికి దాని ఫోన్. గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో మిర్చి స్టాకు చూడ్డానికి పంపిస్తున్నారట, మొదటిసారి. "పిన్నీ, ఏం చూడాలి? వాళ్లే లిస్ట్ మెయిల్ చేశారు, వేలల్లో ఉన్నాయి టిక్కీలు" అంది. టిక్కీ అంటే మిర్చి బస్తా.

స్వెట్టర్ తీసుకెళ్లమని చెప్పాను, లోపల చలి, పైగా ఘాటు, ముక్కుకి రుమాలు కట్టుకోమన్నాను. లిస్ట్ పట్టుకుని టిక్కీలు వెతక్కుండా, ముందు ఎదురుగా ఉన్న టిక్కీ మీద లాట్ నంబరు చదివి, అది లిస్ట్‌లో ఉందో లేదో చూడమన్నాను. తర్వాత ఆ లిస్ట్‌లోంచి నువ్వే కొన్ని ఎంచుకో, వాళ్లు ఎంచి ఇచ్చినవి వద్దు. సరుకుకి కోల్డ్ స్టోరేజీ ఇచ్చిన బాండు ఎవరి పేరున ఉందో, దానిమీద ఏ బ్యాంకులో అప్పుందో అడుగు, ఒకే సరుకు రెండు చోట్ల తాకట్టులో ఉండొచ్చు. ముందు వరస లెక్కపెట్టి గుణించెయ్యకు. నిచ్చెన అడుగు, పైకెక్కి వెనక వరసల దాకా వెళ్లు.

"చెప్పులతోనే ఎక్కొచ్చా?" అంది.

"వద్దు, గోనె మీద జారతాయి. విప్పేసి ఎక్కు."